అంబులెన్స్ వచ్చేలోగా
(ఒక సంస్థలో ఉద్యోగుల ప్రథమ చికిత్స శిక్షణ మొదలైన రోజున చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేదిక మీదికి వచ్చే ముందు మీ వరండా గోడకున్న ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చూశాను. దానికి తాళం లేదు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇన్నేళ్లుగా ఎన్నో పనిచోట్లకు వెళ్లాను. చాలాచోట్ల పెట్టెకు తాళం ఉంటుంది, తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది, ఆ ఒకరు ఆ రోజు సెలవులో ఉంటారు. మీ పెట్టెలో గాజుగుడ్డ ఉంది, వెడల్పాటి కట్టుగుడ్డలు ఉన్నాయి, చేతి తొడుగులు ఉన్నాయి, కత్తెర ఉంది. మూత లోపలివైపు సరుకుల జాబితా అంటించి ఉంది. చివరిసారి ఎవరు సరిచూశారో తేదీతో సహా రాసి ఉంది. ఆ సంతకం పెట్టినవారు ఈ సభలో ఉంటే వారికి నా నమస్కారం. ఆ పెట్టెను తెరవవలసిన చేతుల గురించి మాట్లాడటానికే ఈ రోజు వచ్చాను.

నేను ఈ పనిలోకి రావడానికి ఒక కారణం ఉంది. అది చెప్పకుండా మిగతాది చెప్పలేను.

చాలా ఏళ్ల కిందట నేనొక కార్యాలయంలో ఉద్యోగిని. ఒక మధ్యాహ్నం మా విభాగంలో ఒక పెద్దాయన కుర్చీలోంచి పక్కకు ఒరిగి నేలమీద పడిపోయారు. మరో రెండేళ్లలో పదవీ విరమణ చేయవలసిన మనిషి. మేము పదకొండు మందిమి చుట్టూ చేరాము. మాలో నలుగురికి ప్రథమ చికిత్స ధ్రువపత్రం ఉంది. నాకూ ఉంది. రెండేళ్ల ముందు ఒక పూటంతా తెరమీద బొమ్మలు చూసి, చివర్లో కాగితం మీద పరీక్ష రాసి తెచ్చుకున్నది. మంచి మార్కులే వచ్చాయి.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. కానీ ఉండి ఉండి నోరు తెరిచి గాలి మింగుతున్నట్టు, గురక పెడుతున్నట్టు శబ్దం వస్తోంది. “ఊపిరి ఆడుతోంది, భయం లేదు” అన్నారొకరు. ఆ మాట అన్నది నేనే. ఒకరు చొక్కా గుండీలు విప్పారు. ఒకరు కాగితాల అట్టతో విసిరారు. ఒకరు మొహాన నీళ్లు చల్లారు. అంబులెన్స్‌కు ఎవరో ఒకరు ఫోన్ చేసే ఉంటారని అందరమూ అనుకున్నాము. ఎవరూ చేయలేదని తెలిసేసరికి ఆరేడు నిమిషాలు గడిచిపోయాయి. ఆయన బతకలేదు.

ఆ శబ్దం ఊపిరి కాదని నాకు తరువాత ఒక డాక్టరు గారు చెప్పారు. గుండె ఆగిపోయాక కూడా మెదడు అడుగుభాగం కొద్దిసేపు గాలి కోసం చివరి ప్రయత్నం చేస్తుంది. చేపను గట్టున పడేస్తే నోరు తెరిచి మూసినట్టు ఉంటుంది. మొదటి నిమిషాల్లో చాలామందిలో ఇది కనిపిస్తుంది. చూసినవారు దాన్ని శ్వాస అనుకుని ఆగిపోతారు. అందుకే నా శిక్షణలో మొదటి గంట దీనికే కేటాయిస్తాను. మనిషి పలకడం లేదు, శ్వాస మామూలుగా లేదు. ఈ రెండూ కలిస్తే గుండె ఆగిందనే లెక్క. నాడి వెతుకుతూ కూర్చోవద్దు. అలవాటు లేనివారి వేళ్లకు ఆ కంగారులో తమ నాడే తగులుతుంది. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, పది సెకన్లు మించకుండా ఛాతీని చూడండి. సందేహంగా ఉన్నా సరే, మొదలుపెట్టండి. కొట్టుకుంటున్న గుండె మీద నాలుగు సార్లు నొక్కితే పెద్ద హాని జరగడం అరుదు. ఆగిన గుండెను వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను.

రక్తం అందకపోతే మెదడు నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఛాతీ నొక్కకుండా, విద్యుత్ షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఈ లెక్క పక్కన మీ గేటు దగ్గరి నుంచి ఈ భవనం చివరి అంతస్తు వరకు స్ట్రెచర్ మోసుకురావడానికి పట్టే సమయం పెట్టి చూడండి. అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా ఆ మొదటి నిమిషాలు దానివి కావు. అవి పక్క బల్ల దగ్గర కూర్చున్నవారివి.

ఇది మామూలు ఉద్యోగుల వల్ల అవుతుందా అని మీకు అనుమానం రావచ్చు. దీనికి నా దగ్గర ఒక జవాబు ఉంది, ప్రతి సభలోనూ చెబుతాను. అమెరికాలోని జూదశాలల్లో సెక్యూరిటీ ఉద్యోగులకు ఛాతీ నొక్కడం, ఏఈడీ అనే చిన్న షాక్ యంత్రం వాడటం నేర్పారు. వారు డాక్టర్లు కారు, నర్సులు కారు. తలుపు దగ్గర నిలబడి పనిచేసే మనుషులు. వారు ఏం చేయగలిగారో 2000వ సంవత్సరంలో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. గుండె లయ తప్పి కూలిపోయినా షాక్‌తో సరిచేయగల స్థితిలో ఉన్న 105 మందిలో 53 శాతం మంది ఆసుపత్రి నుంచి ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. పడిపోయిన మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారిలో 74 శాతం. మూడు నిమిషాలు దాటినవారిలో 49 శాతం. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా నా దృష్టిలో ఒక ఉద్యోగి పరుగు. ఆ యంత్రం ఏ గోడకుందో అతనికి ముందే తెలుసు.

ఈ విద్యకు పుట్టిల్లు ఒకరకంగా పనిచోటే. 1877లో ఇంగ్లండులో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ ఏర్పడి మామూలు జనానికి తరగతులు పెట్టినప్పుడు గని కార్మికులు, రైల్వే కార్మికులు, పోలీసులు వచ్చి నేర్చుకున్నారు. గనిలో చేయి నలిగినవాడికి పక్క కార్మికుడే కట్టు కట్టాలి, వేరే దిక్కు లేదు. ఛాతీ నొక్కడం మాత్రం చాలా తరువాత వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్య సంస్థలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు 1960లో దాని గురించి ప్రకటించారు. వారిలో కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, విద్యుత్ ఇంజనీరు. షాక్ పరికరాలను కుక్కల ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడు రక్తపోటు పెరగడం గమనించి, అక్కడి నుంచి వారు ఈ పద్ధతిని పట్టుకున్నారు. ఇక ఎవరైనా, ఎక్కడైనా ఈ పని మొదలుపెట్టవచ్చని, కావలసినవి రెండు చేతులేనని ఆ వ్యాసంలో రాశారు. అరవై ఏళ్లు దాటినా ఆ రెండు చేతులకూ నేర్పడం దగ్గరే మనం ఇంకా తడబడుతున్నాము.

ఎందుకు తడబడుతున్నాము? నేర్పే పద్ధతి వల్ల. నా ధ్రువపత్రం సంగతి చెప్పాను కదా. తెలిసిన విషయం వేరు, చేతికి వచ్చిన విషయం వేరు. ఈత గురించి పుస్తకం చదివి చెరువులో దూకేవారు ఉండరు. ఛాతీ మధ్యలో ఒక అరచేతి అడుగుభాగం ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంగకుండా, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని ఇప్పుడు చెబుతున్నాను. మీరు రాసుకుంటున్నారు కూడా. కానీ 5 సెంటీమీటర్లంటే ఎంత బలమో రాసుకుంటే తెలియదు. సాధన కోసం వాడే మనిషి బొమ్మ మీద మొదటిసారి నొక్కినవారు దాదాపు అందరూ సున్నితంగా నొక్కుతారు. అవతలి మనిషికి నొప్పి కలుగుతుందేమోనని చేతులు వాటంతటవే వెనక్కి తగ్గుతాయి. మంచి మనుషులకే ఆ ఇబ్బంది ఎక్కువ. రెండు నిమిషాలు సరిగ్గా నొక్కితే చెమట పడుతుంది, నడుము పట్టేస్తుంది, లోతు తగ్గిపోతుంది. అందుకే రెండేసి నిమిషాలకు చేయి మార్చుకోవాలి. అంటే ఒకరికి నేర్పి వదిలేస్తే చాలదు, ప్రతి గదిలోనూ కనీసం ఇద్దరు ముగ్గురికి రావాలి. నోటితో శ్వాస ఇవ్వడం వచ్చినవారు 30 సార్లు నొక్కి రెండు శ్వాసలు ఇస్తారు. రానివారు, ఇష్టం లేనివారు ఆపకుండా నొక్కుతూ ఉండవచ్చు. పడిపోయింది పిల్లలు కాక పెద్దవారైతే ఏమీ చేయకపోవడం కంటే అది ఎన్నో రెట్లు నయం.

ఆ హాలులో ఉన్న బొమ్మలను చూశారా? వాటికి ఒక కథ ఉంది. నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే బొమ్మల తయారీదారు ఉండేవారు. నీళ్లలో మునిగిపోతున్న తన చిన్న కొడుకును ఆయన స్వయంగా బయటికి తీసి బతికించుకున్నారు. తరువాత ఈ విద్య నేర్పడానికి ఒక బొమ్మ కావాలని డాక్టర్లు అడిగితే, 1960లో దాన్ని తయారుచేశారు. దాని ముఖం, పారిస్‌లో సెయిన్ నదిలో దొరికిన ఒక పేరు తెలియని అమ్మాయి ముఖపు అచ్చు నుంచి తీసుకున్నదని చెబుతారు. ఆ అమ్మాయిని ఎవరూ కాపాడలేకపోయారు. ఆమె ముఖం మీద వంగి ఎన్ని లక్షల మంది ఈ పని నేర్చుకున్నారో! బొమ్మే కదా అని మొక్కుబడిగా నొక్కేవారిని చూసినప్పుడు నేను ఈ కథ చెబుతాను.

ఇంకో ముఖ్యమైన మాట. నేర్చుకున్న నైపుణ్యం నిలవదు. మూడు నెలల నుంచి ఆరు నెలల్లోనే జారిపోవడం మొదలవుతుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి రోజంతా కూర్చోబెట్టి, ఆ తరువాత మరిచిపోయే ఏర్పాటు నాకు నచ్చదు. యాజమాన్యం వారు ఇక్కడే ఉన్నారు కాబట్టి వారి ఎదుటే అడుగుతున్నాను. ఒక బొమ్మను కొని మీ దగ్గరే ఉంచండి. మూడు నెలలకొకసారి షిఫ్టు మారే వేళ, ఒక్కొక్కరూ రెండు నిమిషాలు నొక్కి వెళ్లేలా చేయండి. పని ఆగదు. చేతులు మరిచిపోవు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే భయపెట్టే విషయానికి వస్తున్నాను. ఇది కార్యాలయంలో కూర్చునేవారికి సంబంధం లేదనిపించవచ్చు, కానీ మీ సంస్థలో నేల కింద నీటి ట్యాంకు ఉంది, మురుగునీటి గొయ్యి ఉంది. వాటిలోకి దిగి శుభ్రం చేసేవారు ఉన్నారు. ఒక మనిషి దిగుతాడు, పలకడు. పైనున్నవాడు కంగారుపడి దిగుతాడు. అతనూ పలకడు. మూడోవాడు దిగుతాడు. ఇలాంటి ఇరుకు చోట్ల జరిగిన మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్లినవారివేనని అమెరికాలో కార్మికుల భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లో తేల్చి చెప్పింది. మొదటివాడిని పని చంపింది, మిగతావారిని ప్రేమ చంపింది. వారు స్నేహితులు, కొన్నిచోట్ల అన్నదమ్ములు.

అక్కడ ఉండేది కంటికి కనిపించని శత్రువు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది. “వాసన పోయింది, ఇక దిగవచ్చు” అనుకునే క్షణం ప్రాణాంతకం. ప్రాణవాయువు లేని చోట అసలు ఏ వాసనా రాదు, రెండు శ్వాసలకే మనిషి కూలిపోవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఏమీ ఆగదు. కాబట్టి శిక్షణలో నేను నేర్పే అతి కష్టమైన పాఠం ఇదే: దిగకుండా నిలబడటం. పైనుంచి గాలి పంపే ఏర్పాటు ఉంటే చేయండి. మనిషికి ముందే తాడు కట్టి ఉంటే లాగండి. శ్వాస పరికరాలతో వచ్చే అగ్నిమాపక దళాన్ని పిలవండి. నిలబడి ఉండటం పిరికితనం అనిపిస్తుంది, గుండె కోసినట్టు ఉంటుంది. అయినా నిలబడండి. కరెంటు తగిలినవారి విషయంలోనూ అంతే. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, ఆ తరువాతే మనిషిని ముట్టుకోవాలి. ఆ స్విచ్ ఎక్కడుందో ఈ సభలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి.

ఆరుగురు. ఇంతమంది ఉన్న సభలో ఆరుగురు. సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు ఆ ఆరుగురూ మిగతావారికి చూపించాలి, ఇది నా విన్నపం.

గాయాలు, కాలిన పుండ్ల గురించి క్లుప్తంగానే చెబుతాను, రేపు చేతులతో చేస్తారు కాబట్టి. రక్తం ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి నేరుగా గాయం మీదే గట్టిగా అదమాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడవద్దు. ఎత్తిన ప్రతిసారీ గడ్డకడుతున్న రక్తం చెదిరిపోతుంది. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకొకటి వేయాలి. ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకవద్దు, అది కదలకుండా చుట్టూ ఆసరా పెట్టాలి. యంత్రంలో వేలు తెగిపడితే చాలామంది దాన్ని నేరుగా మంచుగడ్డల్లో వేస్తారు, అప్పుడు కణజాలం పాడవుతుంది. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీళ్లలో ఉంచి మనిషితోపాటే పంపాలి.

కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లని నీరు. మంచు కాదు, పేస్టు కాదు, నూనె కాదు. ఉంగరాలు, వాచీ వాపు రాకముందే తీసేయాలి. అంటుకుపోయిన బట్టను లాగవద్దు. ఇరవై నిమిషాలంటే ఎంత పొడవో గడియారం పెట్టుకుని కుళాయి కింద నిలబడితేగానీ తెలియదు. చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు. కంట్లో రసాయనం పడినప్పుడూ ఇంతే, రెప్పలు తెరిచిపట్టి కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి. మూర్ఛ వచ్చినవారి నోట్లో చెంచా సహా ఏదీ పెట్టవద్దు, కాళ్లుచేతులు బలంగా పట్టుకోవద్దు. తల కింద మెత్తనిది పెట్టి, చుట్టుపక్కల సామాను జరిపి, సమయం చూడండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. మూతి ఒకపక్కకు వంకరపోయినా, ఒక చేయి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమని అనుమానించండి. చివరిసారి ఆ మనిషి మామూలుగా కనిపించిన సమయాన్ని రాసిపెట్టండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది ఆ సమయాన్నే.

ఇక మా కార్యాలయంలో ఫోన్ ఎవరూ చేయకపోవడం గురించి. దాన్ని నేను చాలాకాలం మా నిర్లక్ష్యం అనుకుని బాధపడ్డాను. గుంపులో ఎక్కువమంది ఉన్నకొద్దీ ఒక్కొక్కరూ ముందుకు వచ్చే అవకాశం తగ్గుతుందని లటానే, డార్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లోనే ప్రయోగాలు చేసి చూపించారు. ఇంకొకరు చూసుకుంటారని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. దీనికి మందు పేరు పెట్టి పిలవడమే. “ఎవరైనా ఫోన్ చేయండి” అనవద్దు. ఒకరి కళ్లలోకి చూసి, “మీరు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, చేశానని నాకు వచ్చి చెప్పండి. మీరు ఏఈడీ తీసుకురండి. మీరు గేటు దగ్గర నిలబడి వచ్చినవారికి దారి చూపండి” అనాలి. ఈ మూడో మనిషిని అందరూ మరిచిపోతారు. అంబులెన్స్ లోపలికి వచ్చి ఏ భవనమో, ఏ లిఫ్టో తెలియక తిరుగుతూ ఉంటుంది. ఒక సంస్థలో సాధన చేయిస్తూ గడియారం పట్టుకుని చూస్తే, గేటు నుంచి మూడో అంతస్తుకు చేరడానికి నాలుగు నిమిషాలు వృథా అయింది. కారణం, లిఫ్టు దగ్గర ఎవరూ లేకపోవడం.

అందుకని మీ శిక్షణ మీ భవనంలో, మీ యంత్రాల మధ్య, మీ మెట్ల మీద జరగాలి. రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉంటారు, వారిలో ఎవరికి వచ్చు? శుభ్రం చేసేవారిని, గేటు దగ్గర ఉండేవారిని, కాంట్రాక్టు మీద పనిచేసేవారిని ఈ శిక్షణకు పిలిచారా? ఈ హాలులో వారు నాకు ఎక్కువగా కనిపించడం లేదు. తెల్లవారుజామున భవనంలో ఉండేది వారే. తగిన ప్రథమ చికిత్స ఏర్పాట్లు యజమాని బాధ్యత అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం 18వ అధికరణంలో ఉంది. సురక్షితమైన పని వాతావరణాన్ని 2022లో ఆ సంస్థ కార్మికుల ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. హక్కు అన్నాక అది శాశ్వత ఉద్యోగికి ఒకలా, కాంట్రాక్టు ఉద్యోగికి ఒకలా ఉండకూడదు. రెండో బృందంలో వారిని తప్పక చేర్చాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను.

“పొరపాటు చేస్తే నా మీదికి వస్తుందేమో” అని విరామంలో ఒక చెల్లెమ్మ అడిగింది. అమ్మా, మంచి మనసుతో, నేర్చుకున్న మేరకు సాయం చేసినవారిని కాపాడే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఛాతీ నొక్కేటప్పుడు పక్కటెముక విరిగిన శబ్దం రావచ్చు. అప్పుడు కూడా ఆపవద్దు. ఎముక అతుక్కుంటుంది. ఇంకో భయం మీరు అడగలేదు, నేనే చెబుతాను. అన్నీ సరిగ్గా చేసినా మనిషి దక్కకపోవచ్చు. ఆ తరువాత నిద్ర పట్టదు, చేతుల్లో ఆ స్పర్శ ఉండిపోతుంది. ఆ ఉద్యోగిని మర్నాడు మామూలుగా పనిలో కూర్చోబెట్టకండి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఏం జరిగిందో మొత్తం చెప్పనివ్వండి. ఆ రోజు మా పదకొండు మందినీ ఎవరూ అలా కూర్చోబెట్టలేదు. ఆ పెద్దాయన కుర్చీ వైపు చూడకుండా చాలా నెలలు పనిచేశాము.

నా మాటలు ఇంతే. హాలులో ఆరు బొమ్మలున్నాయి. ఒక్కోదాని దగ్గర నలుగురు. వాచీలు, ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టండి. మోకాళ్లకు చాపలు వేశాము. మొదటి వరుసవారు రండి. ముందు భుజం తట్టి గట్టిగా పిలవండి. సిగ్గుపడవద్దు, గది చివరి వరకు వినిపించేలా పిలవండి.